పెద్ద పత్రికలో అచ్చయితే నిజమేనా?

ప్రశ్న: మా బాబుకి మొన్న పదో తారీఖుతో తొమ్మిది నెలలు నిండాయి. తట్టు టీకా వేయించమని ఏ.ఎన్.ఎం. గారు రెండుసార్లు ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళారు. ఈలోగా మా ఆడపడుచు భర్త అన్నయ్యగారు మావారి ఫోనుకి ఒక వాట్సాప్ పంపించారు. తట్టు టీకా వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందనీ, ఇది ఎవరో ఊహించి చెప్పిన మాట కాదనీ, ‘లాన్సెట్’ అనే ఇంగ్లండు వైద్య పత్రికలో పెద్ద పెద్ద డాక్టర్లు పరిశీలించి అచ్చు వేశారనీ అందులో ఉంది. అది విన్నప్పటి నుంచి మా అత్తయ్యగారు టీకా మాట ఎత్తనివ్వడం లేదు. మా వీధిలో నాలుగేళ్ళు వచ్చినా మాటలు రాని పిల్లవాడు ఒకడున్నాడు. టీకా వేసిన తర్వాతే వాడు అలా అయ్యాడని వాళ్ళమ్మ అంటుంది. మావారు ఎటూ తేల్చుకోలేక మీకు రాయమన్నారు. అంత పెద్ద పత్రికలో అచ్చయింది అబద్ధం అవుతుందా? అబద్ధమైతే అంతమంది డాక్టర్లు చూసి కూడా ఎలా వేశారు? నేనేం చెయ్యాలి?
— ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, మీరు చెయ్యవలసిన పని ముందు చెబుతాను. కారణాలు తర్వాత చెబుతాను. బాబుకి టీకా వేయించండి. ఈ సంచిక మీ చేతికి అందాక మొదట వచ్చే టీకాల రోజునే తీసుకు వెళ్ళండి.

అన్నయ్యగారు పంపిన దాంట్లో ఒక ముక్క నిజమే. అలాంటి వ్యాసం 1998 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. అయితే 2010 ఫిబ్రవరిలో ఆ పత్రికే ఆ వ్యాసాన్ని పూర్తిగా రద్దు చేసి, ఇది నమ్మదగింది కాదని ప్రకటించింది. మీకు మొదటి ముక్క చేరింది, రెండో ముక్క చేరలేదు. ఇంగ్లండులో ఎన్నడో రద్దయిన వ్యాసం ఇప్పుడు తణుకులో ఒక పసివాడి టీకాకి అడ్డం పడింది.

ఇక మీరు అడిగిన రెండో ప్రశ్న చాలా మంచి ప్రశ్న. డాక్టర్లు చూసి కూడా ఎలా వేశారు? దీనికి జవాబు తెలిస్తే, ఇకముందు ‘పరిశోధనలో తేలింది’ అనే వార్త ఏది వచ్చినా మీరే తూకం వేసుకోగలరు. అందుకని ఈ వారం జవాబు కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

అచ్చుకు ముందు ఏం జరుగుతుంది?

వైద్య పత్రికలు మనం ఇంట్లో చదువుకునే వారపత్రికల వంటివి కావు. వాటిలో రాసేదీ, ముఖ్యంగా చదివేదీ డాక్టర్లూ, శాస్త్రజ్ఞులే. ఒక డాక్టరు ఏదైనా పరిశోధన చేసినప్పుడు, ఎంతమంది రోగుల మీద చేశాడో, ఎలా చేశాడో, ఏం తేలిందో రాసి పత్రికా సంపాదకుడికి పంపుతాడు. సంపాదకుడు ముందు తను చదువుతాడు. పేరున్న పత్రికలకు వచ్చే వ్యాసాలలో చాలా భాగం ఈ గడప దగ్గరే ఆగిపోయి తిరుగు టపాలో వెళ్ళిపోతాయి. 

మిగిలిన వాటిని అదే విషయం మీద పనిచేస్తున్న మరో ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతారు. గుండె జబ్బు గురించిన వ్యాసమైతే గుండె డాక్టర్లకు, పిల్లల జబ్బు గురించిన దైతే పిల్లల డాక్టర్లకు. దీన్నే ఇంగ్లీషులో పీర్ రివ్యూ అంటారు. మనం సాటివారి పరిశీలన అనుకుందాం.

ఈ పని చేసేవారికి సాధారణంగా జీతం ఉండదు. ఆస్పత్రి పని, కాలేజీ పని ముగించుకుని, రాత్రిపూటో ఆదివారం నాడో కూర్చుని చదువుతారు. చాలా పత్రికలు పరిశీలకుల పేర్లు రాసినవారికి చెప్పవు. చెబితే మొహమాటం అడ్డం వస్తుందనీ, పెద్దవాళ్ళ రాతల్లో తప్పులు చూపించడానికి చిన్నవాళ్ళు జంకుతారనీ వారి భయం. కొన్ని పత్రికలు రాసినవారి పేరు కూడా పరిశీలకులకు తెలియనివ్వవు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ మాత్రం 1999 నుంచి పరిశీలకుల పేర్లు బయటికి చెప్పే పద్ధతి పెట్టింది. చాటుగా ఉండి విమర్శించడం కంటే పేరు పెట్టి విమర్శిస్తే బాధ్యతగా రాస్తారని వారి వాదన. రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది.

పరిశీలకులు ఏం చూస్తారు? రోగులు ఎంతమంది? వాళ్ళని ఎలా ఎంచుకున్నారు? మందు ఇచ్చినవారితో పోల్చడానికి మందు ఇవ్వనివారు కూడా ఉన్నారా? లెక్కలు కట్టిన పద్ధతి సరైనదేనా? తేలిన దానికంటే ఎక్కువ చేసి చెప్పారా? ఇంతకు ముందు ఇతరులు చేసిన పనిని పట్టించుకున్నారా? ఇవన్నీ చూసి, అచ్చు వేయవచ్చనో, ఫలానా ఫలానా సవరణలు చేయించమనో, పనికిరాదనో సంపాదకుడికి రాస్తారు. సవరణలు అడిగితే రాసినవారు ప్రతి ప్రశ్నకీ విడివిడిగా సమాధానం ఇచ్చి మళ్ళీ పంపాలి. ఇలా రెండు మూడుసార్లు తిరగవచ్చు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. చివరి నిర్ణయం మాత్రం సంపాదకుడిదే.

ఈ పద్ధతి అనాదిగా ఉన్నదేమీ కాదు. లండన్ రాయల్ సొసైటీ వారి శాస్త్ర పత్రిక 1665లో మొదలైంది. ఆ తర్వాత చాలాకాలం ఏది వెయ్యాలో ఎక్కువగా సంపాదకులూ, వారికి దగ్గరివారూ నిర్ణయించేవారు. లాన్సెట్ పుట్టింది 1823లో. అది ఈ సాటివారి పరిశీలనను నియమంగా పెట్టుకున్నది 1976లో.

ఈ పరిశీలన వల్ల మేలు జరుగుతున్నది. ఎన్నో చెత్త వ్యాసాలు బయటికి రాకుండా ఆగుతున్నాయి. మంచి వ్యాసాలు మరింత మెరుగుపడుతున్నాయి. కాని దీన్ని నిజానికి వేసిన సర్కారు ముద్ర అనుకోకూడదు. మీరు బియ్యం ముందు జల్లించి, తర్వాత చేటలో చెరిగి, ఆ తర్వాత కూడా రాళ్ళు ఏరుతారు గదా! సాటివారి పరిశీలన అందులో మొదటి జల్లెడ మాత్రమే.

పరిశీలకుల కంటికి కనపడనివి

ఒక దుకాణానికి ఆడిటరు వచ్చాడనుకోండి. చిట్టా, ఆవర్జా చూస్తాడు. కూడికలు సరిపోయాయో లేదో చెబుతాడు. చిట్టాలో రాసిన నూరు బస్తాలూ గోడౌనులో నిజంగా ఉన్నాయా అని ప్రతి బస్తా విప్పి చూడడు. వ్యాసాన్ని పరిశీలించేవారి పరిస్థితి కూడా అంతే. వారి చేతిలో ఉండేది రాసిన వ్యాసం. రోగులు వారి ఎదుట ఉండరు, ఆస్పత్రి రికార్డులు ఉండవు. రాసినవాడు నిజమే రాశాడన్న నమ్మకం మీద చదువుతారు. అందువల్ల వారు పొరపాటును పట్టుకోగలరు కాని, తెలిసి చేసిన మోసాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

పొరపాట్లయినా అన్నీ పట్టుకుంటారా అంటే అదీ లేదు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ వారు తమ పరిశీలకులనే ఒకసారి పరీక్షించి చూసుకున్నారు. అచ్చుకు సిద్ధంగా ఉన్న ఒక వ్యాసంలో కావాలని 8 లోపాలు పెట్టి 420 మందికి పంపారు. 221 మంది చదివి అభిప్రాయం రాశారు. సగటున ఒక్కొక్కరు పట్టుకున్నవి రెండు లోపాలు! ఈ ఫలితాన్ని దాచిపెట్టకుండా 1998లో వారే ప్రచురించారు. తమ లోపాన్ని తామే వెతికి చూపించుకోవడం శాస్త్రజ్ఞులలో ఉన్న మంచి అలవాటు. మనం గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, పరిశీలకులు కూడా మనుషులే.

ఆ పన్నెండుమంది పిల్లలు

ఇప్పుడు మీ వాట్సాప్ వ్యాసానికి వద్దాం. దాన్ని రాసినవారు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు, ఆయనతోపాటు మరో 12 మంది. లండన్‌లో ఒక ఆస్పత్రికి వచ్చిన పిల్లల గురించి అది. ఎంతమంది పిల్లలనుకున్నారు? 12 మంది మాత్రమే. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎమ్.ఎమ్.ఆర్. టీకా వేశాక తమ పిల్లల ప్రవర్తన మారిందని వారిలో 8 మంది తల్లిదండ్రులు అన్నారని రాశారు. పోల్చి చూడడానికి టీకా వేయించుకోని పిల్లలు ఎవరూ లేరు. టీకాకీ ఈ జబ్బుకీ సంబంధాన్ని తాము నిరూపించలేదని ఆ వ్యాసంలోనే రాసుకున్నారు కూడా. కాని వ్యాసం వచ్చిన సందర్భంలో విలేకరుల సమావేశం పెట్టి, మూడూ కలిపిన టీకా ఆపి విడివిడిగా వేస్తే మంచిదని వేక్‌ఫీల్డ్ చెప్పాడు. పేపర్లు ఆ మాటను పట్టుకున్నాయి. వ్యాసం చదివినవారు కొందరే, వార్త చదివినవారు లక్షలమంది.

2004లో బ్రయన్ డీర్ అనే విలేకరి ఆరా తీశాడు. టీకా కంపెనీల మీద దావా వేయాలనుకుంటున్న లాయర్ల దగ్గర వేక్‌ఫీల్డ్ డబ్బు తీసుకున్నాడనీ, ఆ సంగతి పత్రికకు చెప్పలేదనీ బయటపడింది. అదే ఏడాది 13 మందిలో 10 మంది, టీకాకీ జబ్బుకీ ముడిపెట్టిన ఆ అభిప్రాయాన్ని ఉపసంహరించుకున్నారు. తర్వాత విచారణలు జరిగాయి. పిల్లలు యాదృచ్ఛికంగా వచ్చినవారు కారనీ, ఏరి తెచ్చినవారనీ తేలింది. ఆస్పత్రి కాగితాల్లో ఉన్నదానికీ వ్యాసంలో రాసినదానికీ పొంతన లేదని డీర్ చూపించాడు. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ వ్యాసాన్ని రద్దు చేసింది. ఆ మే నెలలో బ్రిటన్ మెడికల్ కౌన్సిల్ వేక్‌ఫీల్డ్ పేరును డాక్టర్ల జాబితా నుంచి కొట్టివేసింది.

గోడౌనులోకి వెళ్ళి బస్తాలు విప్పి చూసింది పత్రిక నియమించిన పరిశీలకులు కాదు, ఒక విలేకరి. రద్దు చేయడానికి 12 ఏళ్ళు పట్టింది. ఆ పన్నెండేళ్ళలో బ్రిటన్‌లో ఎంతోమంది తల్లులు మీలాగే భయపడ్డారు. టీకా వేయించుకునే పిల్లలు నూటికి 92 దాకా ఉన్నవారు 2003–04 నాటికి 80కి పడిపోయారు. దాదాపు పోయిందనుకున్న తట్టు మళ్ళీ తల ఎత్తింది. 2012–13లో వేల్స్‌లోని స్వాన్సీ ప్రాంతంలో వెయ్యిమందికి పైగా తట్టు సోకింది. వారిలో చాలామంది ఆ భయం రోజుల్లో టీకా తప్పిపోయిన పిల్లలు.

కాకి వాలింది, పండు పడింది

మీ వీధిలోని తల్లి అబద్ధం చెబుతున్నదని నేను అనను. ఆవిడ చూసిందే ఆవిడ చెబుతున్నది. కాని మనకు కాకతాళీయం అనే మాట ఉన్నది గదా! తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణాన పండు రాలింది. కాకి వాలినందువల్ల పండు రాలలేదు, పండు రాలే సమయానికి కాకి వచ్చింది.

ఆటిజం లక్షణాలు తల్లిదండ్రులు గమనించేది సాధారణంగా ఏడాది దాటాక, రెండో ఏట. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, వచ్చిన ఒకటి రెండు మాటలూ పోవడం అప్పుడే తెలుస్తాయి. తట్టు టీకాలు వేసేది కూడా ఆ వయసులోనే. లక్షలమంది పిల్లలకు టీకా వేస్తున్నప్పుడు, కొంతమందిలో ఈ రెండూ ఒకే నెలలో పడక తప్పదు. కాకి తప్పా కాదా అని తేల్చాలంటే కాకి వాలని చెట్లను కూడా చూడాలి. అక్కడా అలాగే పళ్ళు రాలుతుంటే కాకి తప్పేమీ లేదు.

ఆ పనే డెన్మార్క్ వారు చేశారు. ఆ దేశంలో పుట్టిన ప్రతి పిల్లవాడి టీకా వివరాలూ, జబ్బుల వివరాలూ ప్రభుత్వ రిజిస్టర్లలో ఉంటాయి. 2002లో 5,37,303 మంది పిల్లల వివరాలు చూశారు. టీకా వేసుకున్నవారిలోనూ, వేసుకోనివారిలోనూ ఆటిజం తేడా లేదు. 2019లో కొత్తగా మరో 6,57,461 మంది పిల్లలను చూశారు. అప్పుడూ అదే తేలింది. ఒకవైపు ఏరి తెచ్చిన 12 మంది. మరొకవైపు దాదాపు 12 లక్షలమంది. ఏ వైపు మొగ్గాలో మీరే చెప్పండి.

కాదన్నవన్నీ అబద్ధాలా?

ఇక్కడ అన్నయ్యగారు ఒక మాట అనవచ్చు: ‘పెద్దవాళ్ళు నిజాన్ని తొక్కిపెట్టరా?’ అని. పరిశీలకులు మంచి పనిని తోసిపుచ్చిన సందర్భాలు ఉన్నాయి. కడుపులో పుండుకు కారణం కారం, మసాలా, దిగులు అని మనమందరం నమ్మిన రోజుల్లో, ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు అది ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందన్నారు. 1983లో వారు తమ వ్యాస సంగ్రహాన్ని అక్కడి ఉదర వైద్యుల సభకు పంపారు. వచ్చిన 67లో 56 సంగ్రహాలను తీసుకున్నారు, వీరిది తీసుకోలేదు! మరుసటి ఏడాది మార్షల్ ఆ సూక్ష్మజీవుల ద్రవాన్ని తనే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. అయినా దానితోనే అందరూ ఒప్పుకోలేదు. దేశదేశాల డాక్టర్లు తమ తమ ఆస్పత్రుల్లో వెతికారు. ఆ సూక్ష్మజీవి కనపడింది. యాంటీబయాటిక్ మందులు ఇస్తే పుళ్ళు మాని, తిరగబెట్టడం తగ్గింది. ఆ ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

చూశారా! ఒక చోట పరిశీలకులు తప్పును లోపలికి రానిచ్చారు. ఇంకో చోట నిజాన్ని బయటికి పంపేశారు. రెండు చోట్లా చివరికి తేల్చింది ఒకటే. వేరేవారు, వేరే ఊళ్ళలో, మళ్ళీ మళ్ళీ చేసి చూడడం. మార్షల్ చెప్పింది చేసినవారికల్లా కనపడింది. వేక్‌ఫీల్డ్ చెప్పింది ఎంత వెతికినా కనపడలేదు. అసలు పరీక్ష వ్యాసం అచ్చయిన తర్వాత మొదలవుతుంది.

కరోనా రోజుల్లో జరిగినది

ఇది మన అనుభవంలోని సంగతే. 2020 మార్చిలో, కరోనా రోగుల దగ్గర పనిచేసే ఆరోగ్య సిబ్బంది ముందు జాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మాత్ర వేసుకోవచ్చని మన వైద్య పరిశోధనా మండలి సలహా ఇచ్చింది. దాంతో అవసరం లేనివారు కూడా కొని దాచుకున్నారు. ఆ ఏడాది మే 22న లాన్సెట్‌లో ఒక వ్యాసం వచ్చింది. 671 ఆస్పత్రుల్లో 96,032 మంది రోగుల వివరాలు చూశామనీ, ఆ మాత్ర వాడినవారిలో చావులు ఎక్కువనీ దాని సారాంశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాత్ర మీద తను చేయిస్తున్న పరీక్షను కొన్ని రోజులు నిలిపివేసింది.

ఈసారి 12 ఏళ్ళు ఆగలేదు. వారం తిరక్కముందే నూరుమందికి పైగా శాస్త్రజ్ఞులు పత్రికకు ఉత్తరం రాశారు. ఆస్ట్రేలియాలో ఆ తేదీకి కరోనాతో పోయినవారు 67 మంది అయితే, ఈ వ్యాసంలో 73 మంది ఉన్నారేమిటని అడిగారు. వివరాలు సమకూర్చిన కంపెనీ అసలు కాగితాలు చూపించలేదు. జూన్ 4న వ్యాసం రద్దయింది. ఆ మర్నాడే, బ్రిటన్‌లో వేలమంది రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష ఫలితాన్ని ప్రకటించారు. మాత్ర వేసినా వెయ్యకపోయినా చావుల్లో తేడా లేదని అది తేల్చింది. తప్పుడు వ్యాసం రద్దయినంత మాత్రాన ఆ మాత్ర మంచి మందు అయిపోలేదు, సరైన పరీక్ష చేస్తేగాని అసలు సంగతి తెలియలేదు.

డబ్బు కడితే అచ్చు వేసేవారు

ఇంకో రకం పత్రికల గురించి కూడా తెలుసుకోవాలి. పేరు ఘనంగా ‘ఇంటర్నేషనల్ జర్నల్’ అని ఉంటుంది. రాసినవారి దగ్గర డబ్బు తీసుకుని, పరిశీలన చేశామని చెప్పి, ఏదీ చూడకుండానే అచ్చు వేస్తారు. 2013లో ‘సైన్స్’ పత్రిక తరఫున ఒక విలేకరి, ఏ నిపుణుడైనా తప్పు పట్టగలిగే ఒక దొంగ క్యాన్సర్ మందు వ్యాసం రాసి 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు సరేనన్నాయి! వాటిలో మన దేశం నుంచి నడిచేవి చాలా ఉండడం మనం సిగ్గుపడవలసిన సంగతి. హైదరాబాదు కేంద్రంగా ఇలాంటి పత్రికలు నడిపిన ఒక సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా కోర్టు తీర్పు చెప్పింది. పరిశీలన గురించీ, రుసుముల గురించీ రచయితలను మోసగించిందన్నది అభియోగం. అందుచేత షుగరు తగ్గించే పొడి డబ్బా మీద ‘అంతర్జాతీయ పత్రికలో ప్రచురితం’ అని కనపడితే అది చూసి మోసపోకండి. పత్రికలు రచయితల దగ్గర డబ్బు తీసుకున్నంత మాత్రాన దొంగవి కావు, మంచి పత్రికలు కూడా కొన్ని తీసుకుంటాయి. పరిశీలన నిజంగా చేస్తారా, చెయ్యరా అన్నదే తేడా.

ఈసారి వార్త వచ్చినప్పుడు

‘పరిశోధనలో తేలింది’ అని చదివినప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. పరిశోధన మనుషుల మీద చేశారా, ఎలుకల మీద చేశారా? ఎలుకల్లో పనిచేసినవన్నీ మనుషుల్లో పనిచెయ్యవు.

2. ఎంతమంది మీద చేశారు? పదిమందా, పదివేలమందా?

3. పోల్చి చూడడానికి రెండో జట్టు ఉన్నదా?

4. అది పరిశీలన అయి అచ్చయిన వ్యాసమా, లేక సభలో చెప్పినదీ, పరిశీలనకు ముందే బయటపెట్టినదీనా? ఈ రెండో రకాన్ని ప్రీప్రింట్ అంటారు. అది జల్లెడ పట్టని పిండి.

5. డబ్బు ఎవరు పెట్టారు? మందు కంపెనీయా, దావా వేసిన లాయరా, ప్రభుత్వమా?

6. ఇంకెవరైనా చేసి చూశారా? వారికీ అదే తేలిందా?

7. ఎప్పటి వ్యాసం? తర్వాత రద్దయిందా? ఇది మీకు తెలియకపోతే మీ డాక్టరును అడగండి. రద్దయిన వ్యాసాల మీద ఆ సంగతి రాసి ఉంటుంది. డాక్టరు నిమిషంలో చూడగలడు.

వీటికి జవాబు దొరకనప్పుడు వార్త చదివి ఊరుకోండి. ఒక్క వార్త చూసి బి.పి. మాత్రలు మానడం, షుగరు మందు మార్చడం, టీకా ఆపడం చెయ్యకండి. మానాలంటే ముందు డాక్టరుతో మాట్లాడి మానండి.

మీ బాబు సంగతి

మన ప్రభుత్వ పథకంలో తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి ఎమ్.ఆర్. టీకా వేస్తారు. మొదటిది 9 నెలలు నిండాక, ఏడాదిలోపు. రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. రెండూ వేయిస్తేనే రక్షణ పూర్తి అవుతుంది. మొదటి టీకాతోపాటు నోట్లో విటమిన్ ఏ ద్రావకం కూడా వేస్తారు. ఆలస్యమైన పిల్లలకు కూడా అయిదేళ్ళలోపు వేస్తారు కాబట్టి, వయసు దాటిందని ఊరుకోవద్దు.

వేసిన తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. వారం పన్నెండు రోజుల మధ్య కొద్దిగా జ్వరం, ఒంటి మీద పలచగా ఎర్రటి దద్దులు రావచ్చు. రెండు మూడు రోజుల్లో పోతాయి. జ్వరానికి పారాసిటమాల్ ఎంత వెయ్యాలో ఏ.ఎన్.ఎం. గారిని అడిగి, బాబు బరువును బట్టి వెయ్యండి. మామూలు జలుబు, దగ్గు ఉన్నా టీకా వేయించవచ్చు. జ్వరం బాగా ఎక్కువగా ఉన్నా, బాబుకి రోగనిరోధక శక్తిని తగ్గించే జబ్బు గాని మందులు గాని ఉన్నా, ముందుగా డాక్టరుకి చెప్పండి.

టీకా మానితే బాబు క్షేమంగా ఉంటాడనుకోవడం పొరపాటు. తట్టు గాలి ద్వారా అంటుకుంటుంది. రక్షణ లేనివారు పదిమంది రోగి దగ్గర మసలితే తొమ్మిదిమంది దాకా సోకవచ్చు. దాని వెనకాలే న్యుమోనియా, విరేచనాలు, చెవిలో చీము వస్తాయి. విటమిన్ ఏ లోపం ఉన్న పిల్లలకు కళ్ళు పోయే ప్రమాదం ఉంది. కొందరికి మెదడు వాస్తుంది.

అత్తయ్యగారిని కాదని చాటుగా తీసుకు వెళ్ళకండి. ఆవిడ భయం మనవడి మీద ప్రేమ వల్ల వచ్చింది. మన జాతీయ టీకాల పథకంలోకి తట్టు టీకా వచ్చింది 1985లో. అంతకు ముందు తట్టు వచ్చి పిల్లలు ఎలా అయిపోయేవారో ఆవిడ కళ్ళారా చూసే ఉంటారు. ‘అత్తయ్యగారూ, మీ చిన్నప్పుడు తట్టు వచ్చిన పిల్లలు ఎలా ఉండేవారు?’ అని ఒకసారి అడగండి. ఈ జవాబు కూడా చదివి వినిపించండి. వీలైతే టీకా రోజున ఆవిడనే బాబుని ఎత్తుకుని రమ్మనండి.

మీ వీధిలోని ఆ తల్లికి కూడా ఒక మాట చెప్పండి. టీకా వేయించి తప్పు చేశానని ఆవిడ కుమిలిపోవలసిన పని లేదు. ఆవిడ చేసింది మంచి పనే. పిల్లవాడిని పిల్లల డాక్టరుకి చూపించి, వినికిడి పరీక్ష చేయించి, మాటలు నేర్పించే శిక్షణ మొదలుపెట్టమనండి. చాలా జిల్లా ఆస్పత్రుల్లో ఇలాంటి పిల్లలను చూసే డి.ఇ.ఐ.సి. అనే విభాగం ఉంది. నాలుగేళ్ళు వచ్చాయి కాబట్టి ఇంకా ఆలస్యం చెయ్యకూడదు.

బాబుకి టీకా వేయించాక ఒక కార్డు ముక్క రాయండి.